నిలబెట్టిన బండి, దిగిపోయే బ్యాటరీ
సందేహాలు – సమాధానాలు

ఎండలు ముదిరేసరికి మాకు వచ్చే ఉత్తరాల్లో ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది: "కొన్నాళ్లు బండి తీయలేదు, ఇప్పుడు సెల్ఫ్ కొట్టడం లేదు." అలాంటివాటిని ఈసారి ఒకచోట చేర్చాం. చాలావరకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు నుంచి వచ్చినవే. ఒకటి మాత్రం అమెరికా నుంచి వచ్చింది.

ముందే ఒక మాట. చలికాలంలో బ్యాటరీని ఎలా కాపాడుకోవాలో చెప్పే వీడియోలు చూసి, వాటి ప్రకారమే చేస్తున్నామని కొందరు రాశారు. అవి మంచు కురిసే దేశాల కోసం చేసినవి. మన దగ్గర బ్యాటరీకి గండం మార్చి నుంచి జూన్ దాకా. చలికి బ్యాటరీలో రసాయన చర్య మందగిస్తుంది, దానంతట అది దిగిపోవడమూ తగ్గుతుంది. వేడికి అదే చర్య ఉరుకుతుంది. ప్రతి పది డిగ్రీలకూ దిగిపోయే వేగం దాదాపు రెట్టింపవుతుంది. అనంతపురం ఎండల్లో రేకుల షెడ్డు కింద నిలబెట్టిన బండికి ఆ లెక్క ఎంత దూరం పోతుందో ఊహించుకోవచ్చు. బ్యాటరీని వాడకం అరగదీస్తుందని అందరికీ తెలుసు. సగం దిగిపోయిన బ్యాటరీని వేడిలో వాడకుండా వదిలేయడం అంతకంటే త్వరగా చంపుతుంది. ఈ సంగతి ఇంకా చాలామందికి చేరలేదు.

*

మేమిద్దరం రిటైరైన టీచర్లం. అమ్మాయి పురుడు పోయడానికి అమెరికా వెళ్లి అయిదు నెలలు ఉండి వచ్చాం. మా కారు ఎర్రమంచిలో తయారైన కియానే, కొని మూడేళ్లయింది. వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉంచమని మా బావమరిదికి చెప్పాం. ఆయన ఒక్క వారం కూడా తప్పలేదు. అయినా మూడో నెలకే బ్యాటరీ పూర్తిగా కూర్చుంది. కారులో లోపమా, బ్యాటరీలో లోపమా?
– ఒక పాఠకురాలు, హిందూపురం

రెండింట్లోనూ లోపం ఉండకపోవచ్చమ్మా. మీ బావమరిదిగారు మాట తప్పలేదు. మీరిచ్చిన సలహాకే ఆ పనికి సరిపడే బలం లేదు. ఇది ఇంటింటా వినిపించే సలహా కాబట్టి లెక్క వేసి చూపిస్తాను.

తాళం వేసి వచ్చేసినా ఈ కాలం కారు పూర్తిగా నిద్రపోదు. దొంగతనం అలారం, రిమోట్ తాళం సంకేతం కోసం ఎదురుచూసే రిసీవరు, గడియారం, ఫోన్‌తో మాట్లాడే పరికరం, ఇవన్నీ కొద్దికొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటాయి. అంతా కలిపి 30 మిల్లీ ఆంపియర్లు అనుకుందాం. ఇది మామూలు అంకే, ఎక్కువేమీ కాదు. రోజుకు 0.72 ఆంపియర్ అవర్లు, వారానికి అయిదు, నెలకు ఇరవై ఒకటిన్నర పోతాయి. కారు బ్యాటరీ 50 ఆంపియర్ అవర్లదైతే అయిదు వారాలకే సగం ఖాళీ. ఎండకు దానంతట అది దిగిపోయేది దీనికి అదనం.

ఇక పది నిమిషాల సంగతి. ఇంజను నిదానంగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ ఇచ్చేది తక్కువ. అందులో ఇంజను కంప్యూటర్, ఇంధనం పంపు, రేడియేటర్ ఫ్యాను తమ వంతు తీసుకుంటాయి. మిగిలినదాంట్లోంచి పది నిమిషాల్లో బ్యాటరీలోకి చేరేది మహా అయితే రెండు మూడు ఆంపియర్ అవర్లు. వారానికి అయిదు పోతే రెండున్నర వచ్చింది. ప్రతి వారం మిగతా సగం అప్పుగా పేరుకుపోయింది. మూడో నెలకు కూర్చోవడంలో వింతేమీ లేదు. పైగా అంత తక్కువసేపు తిరిగిన ఇంజను సరిగా వేడెక్కదు, సైలెన్సర్‌లో చేరిన నీటి తేమ ఆవిరవకుండా అక్కడే ఉండిపోతుంది.

ఎవరైనా మనిషి ఉంటే, నిలబెట్టి ఇంజను తిప్పడం మానేసి రెండు వారాలకోసారి పెనుకొండ దాకా నడిపి తీసుకురమ్మనండి. ఏసీ ఆపేసి, పగటిపూట, రానూపోనూ గంటకు పైగా బండి నడిస్తే బ్యాటరీకి నిజంగా తిండి పెట్టినట్టు.

మనిషి లేకపోతే బండికీ బ్యాటరీకీ సంబంధం తెంపి వెళ్లండి. కియా కార్లలో చాలావాటికి డ్రైవరు వైపు ఫ్యూజు పెట్టెలో 'ఫ్యూజ్ స్విచ్' అని చిన్నది ఒకటి ఉంటుంది. బండిని ఎక్కువకాలం నిలిపేటప్పుడు దాన్ని ఆఫ్ చేసుకోవడానికే పెట్టారు. మీ కారుతో ఇచ్చిన పుస్తకంలో ఫ్యూజుల అధ్యాయం తీసి, మీ మోడల్‌లో ఉందో లేదో చూసుకోండి. ఆఫ్ చేస్తే గడియారం, రేడియో మళ్లీ సెట్ చేసుకోవాలి, రిమోట్ తాళం సరిగా పని చేయకపోవచ్చు. దానికి సిద్ధపడాలి. నెలా రెండు నెలలకు ఇది చాలు.

అయిదు నెలలంటే మాత్రం నెగెటివ్ వైరు ఊడదీయడమే మేలు. ఎప్పుడూ ముందు నెగెటివ్, తర్వాతే పాజిటివ్. తగిలించేటప్పుడు దీనికి తిరగేసి. పాజిటివ్ విప్పుతుండగా స్పానర్ బండి రేకుకు తగిలితే పెద్ద నిప్పురవ్వ లేస్తుంది. నెగెటివ్ ముందే ఊడి ఉంటే ఆ ప్రమాదం ఉండదు. ఊడదీసే ముందు బ్యాటరీ నిండుగా చార్జ్ అయిందో లేదో చూడాలి. సగం దిగినదాన్ని విడదీసి పెడితే పెద్ద ఉపయోగం లేదు. తిరిగొచ్చాక తలుపు తెరవడానికి రిమోట్‌లో దాగి ఉండే చిన్న ఇనుప తాళంచెవి కావాలి, అదెక్కడుందో వెళ్లేముందే చూసుకోండి.

ఇంకొకటి. అమెరికా నుంచి ఫోన్ యాప్‌లో "కారు ఎలా ఉందో" అని రోజూ తెరిచి చూసేవాళ్లున్నారు. అలా అడిగిన ప్రతిసారీ కారులోని పరికరాలు నిద్ర లేస్తాయి. ఆ ప్రేమ కూడా బ్యాటరీ ఖాతాలోనే పడుతుంది.

ఇప్పుడు కూర్చున్న బ్యాటరీని వెంటనే పారేయకండి. మంచి షాపులో తక్కువ కరెంటుతో, అంటే 50 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 5 ఆంపియర్లు దాటకుండా, నిదానంగా చార్జింగ్ పెట్టించండి. "గంటలో చేసిచ్చేస్తాం" అంటే వద్దనండి. చార్జ్ అయ్యాక ఒక రాత్రి అలా వదిలేసి, మర్నాడు మల్టీమీటర్‌తో చూడాలి. 12.6 వోల్టులు దరిదాపుల్లో ఉంటే బతికినట్టు. 12.4 కన్నా కిందకు జారితే లోడ్ టెస్ట్ చేయించండి, అందులో తప్పితే కొత్తది కొనక తప్పదు.

*

సార్, మాకు ట్రాక్టరుంది. వేరుసెనగ పని అయిపోయి, పండిన కాయ ఇంటికి చేరినాక బండి పెద్దగా తియ్యం. మళ్లా జూన్‌లో పదునైతేనే. ప్రతి రెండేండ్లకు బ్యాటరీ మార్చాల్సొస్తాంది. షాపాయన "ఆసిడ్ తగ్గింది" అని ఆసిడ్ పోసిచ్చినాడు, ఆరు నెల్లకు అదీ పాయ. ఏం చేయాల?
– ఒక రైతు, రొద్దం మండలం

బ్యాటరీలో ఆసిడ్ తగ్గదన్నా. తగ్గేది నీళ్లు. వేడికీ, చార్జింగ్ అప్పుడు గ్యాసుగా మారీ పోయేవి నీళ్లే, ఆసిడ్ లోపలే ఉంటుంది. నీళ్లు పోయిన చోట ఆసిడ్ పోస్తే లోపల ద్రవం మరీ ఘాటెక్కి పలకలను తినేస్తుంది. కొత్త బ్యాటరీలో మొదటిసారి పోసేది తప్ప, ఆ తర్వాత ఎవరైనా ఆసిడ్ పోస్తామంటే ఒప్పుకోవద్దు. లోపలిది ఒలికిపోయిన సందర్భం ఒక్కటే దీనికి మినహాయింపు.

అసలు జబ్బు వేరే ఉంది, దాన్ని కాస్త వివరంగా చెబుతాను. బ్యాటరీలో ఆరు అరలుంటాయి, ఒక్కోదానికి 2.1 వోల్టులు, అందుకే నిండు బ్యాటరీ 12.6 చూపిస్తుంది. ఒక్కో అరలో సీసం పలకలు గంధకామ్లంలో మునిగి ఉంటాయి. కరెంటు ఇచ్చేకొద్దీ ఆ పలకల మీద సీసం సల్ఫేటు సన్నని పొరగా ఏర్పడుతుంది. చార్జింగ్ పెడితే ఆ పొర కరిగి మళ్లీ సీసం, ఆమ్లంగా విడిపోతుంది. పొయ్యి మీంచి అప్పుడే దించిన బెల్లంపాకం ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, అచ్చులో గడ్డ కట్టినాక సుత్తి కావాలి. ఈ సల్ఫేటు కూడా అంతే. కొత్తగా ఉన్నప్పుడు ఇట్టే కరుగుతుంది, వారాలు నెలలు అలాగే వదిలేస్తే పెద్ద స్ఫటికాలై రాయిలా బిగుస్తుంది. ఆ మేర పలక ఇక పనికి రాదు. మీ బ్యాటరీ పని అయిపోయిన దగ్గర్నుంచి జూన్ దాకా సగం ఖాళీగా, ఎండలో కూర్చుని, సరిగ్గా ఆ జబ్బే తెచ్చుకుంటోంది.

కాబట్టి చివరి పని అయిన వారంలోనే ఊడదీయండి. ట్రాక్టరులో పాటల పెట్టె, అదనపు లైట్లు బిగించుకున్నవాళ్లు ఇది మరీ తప్పకుండా చేయాలి. ఆ వైర్లు చాలాసార్లు తాళంచెవితో పని లేకుండా నేరుగా బ్యాటరీకే తగిలించి ఉంటాయి. ఊడదీసి, నిండా చార్జ్ చేయించి, ఇంట్లో గాలి ఆడే చల్లని మూల పెట్టండి. పిల్లలకు అందకూడదు. పైభాగం తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. దుమ్మూ ఆమ్లపు తడీ కలిసిన పొర రెండు టెర్మినళ్ల మధ్య సన్నని దారి వేసి, ఊరికే కరెంటును పారబోస్తుంది. టెర్మినళ్ల మీద చిలుము ఉంటే తినే సోడా కలిపిన నీళ్లతో కడగండి, అరల మూతలు గట్టిగా బిగించి మరీ. ఆ నీళ్లు లోపలికి పోతే ఆమ్లం చచ్చిపోతుంది. ఆరినాక వ్యాజిలిన్ రాయండి. ఆసిడ్ ఒంటికి గానీ కంటికి గానీ తగిలితే పావుగంట సేపు ధారగా నీళ్లు పోస్తూ కడగాలి, కంట్లో పడితే ఆ తర్వాత నేరుగా ఆసుపత్రికి.

ఆ తర్వాత నెలకోసారి మీటరు పెట్టి చూడండి. 12.4 కన్నా తగ్గితే మళ్లీ చార్జింగ్. మూతలు తెరిచే రకమైతే లోపలి ద్రవం సాంద్రత చూపే హైడ్రోమీటర్ ఇంకా నిజం చెబుతుంది: 1.260 దగ్గరుంటే నిండుగా ఉన్నట్టు, 1.200కు దిగితే దాదాపు సగం. ఆరు అరల్లో ఒక్కటి మాత్రం మిగతావాటి కన్నా బాగా తక్కువ చూపిస్తే ఆ అర పోయిందని అర్థం, దాని మీద ఇంకా డబ్బు పెట్టకండి.

మీ పొలం దగ్గర షెడ్డులో కరెంటు లేదంటారా? అయితే చిన్న సోలార్ పలక ఉంది కదా. నంబులపూలకుంటలో అంత పెద్ద సోలార్ పార్కు పెట్టారంటే మన ఎండకున్న విలువ చూసే. 20 వాట్ల పలక మంచి ఎండలో ఒక ఆంపియర్ ఇస్తుంది, రోజుకు నాలుగైదు ఆంపియర్ అవర్లు. నిలిపి ఉంచిన ట్రాక్టర్ బ్యాటరీకి అది ధారాళం. మధ్యలో చార్జ్ కంట్రోలర్ తప్పకుండా ఉండాలి. అది లేకుండా నేరుగా తగిలిస్తే నిండిన బ్యాటరీలోకి రోజంతా కరెంటు తోసి నీళ్లు ఇంకిస్తుంది.

*

బ్యాటరీని గచ్చు మీద పెడితే దిగిపోతుందని, చెక్క మీదే పెట్టాలని మా నాన్న అంటారు. నిజమేనా?
– ఒక విద్యార్థిని, పెనుకొండ

మీ నాన్నగారి కాలానికి ముందు అది నిజం. అప్పటి బ్యాటరీల పెట్టెలు గట్టి రబ్బరుతోనూ, ఇంకా పాతకాలంలో చెక్కతోనూ ఉండేవి. వాటిలోంచి ఆమ్లం చెమరించి తడి నేల మీదుగా కరెంటు పారేది. ఇప్పటి పెట్టెలు పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌వి, వాటిలోంచి ఏదీ కారదు. అయినా చెక్క మీద పెట్టండి, గచ్చు పాడవకుండా ఉంటుంది.

*

మాది మగ్గం ఇల్లు. కరెంటు పోయినా పని ఆగకూడదని 150 ఆంపియర్ అవర్ల ట్యూబులర్ బ్యాటరీతో ఇన్వర్టర్ పెట్టుకున్నాం. కొడుకు దగ్గరకు బెంగళూరు వెళ్తున్నాం, నాలుగు నెలలు రాము. మెయిన్ ఆఫ్ చేసి వెళ్లమని పక్కింటివాళ్లు అంటున్నారు. బ్యాటరీకి ఏమైనా అవుతుందా?
– ఒక నేత కార్మికుడు, ధర్మవరం

ఇన్వర్టర్ ఆన్‌లో ఉంచి మెయిన్ మాత్రం కట్టేసి వెళ్లడం, ఉన్న దారుల్లోకెల్లా చెడ్డది. బయటి కరెంటు పోయిందని ఇన్వర్టర్ అనుకుంటుంది. ఇంట్లో ఒక్క బల్బు వెలగకపోయినా, అది మేలుకొని ఉండటానికే గంటకు ఒక ఆంపియర్ అవర్ దాకా తాగే రకాలున్నాయి. రోజుకు 24. వారం తిరిగేసరికి మీ 150 ఖాళీ. మిగతా రోజులన్నీ ఆ బ్యాటరీ ఖాళీ కడుపుతో పడి ఉంటుంది. మీరు వచ్చేసరికి పన్నెండు పదిహేను వేల సరుకు తుక్కవుతుంది.

రెండు మంచి దారులున్నాయి. ఇంటికి వారానికోసారైనా ఎవరో వచ్చి చూస్తారంటే మెయిన్ ఆన్‌లోనే ఉంచి, ఇంట్లో మిగతా స్విచ్చులన్నీ కట్టేయండి. ఇన్వర్టర్ బ్యాటరీని నిండుగా నిలబెడుతుంది. వెళ్లేముందు డిస్టిల్డ్ వాటర్ పై గీత వరకు పోయండి, గీత దాటకూడదు. రెండు నెలలకు ఒకసారి నీటి మట్టం చూడమని వచ్చేవాళ్లకు చెప్పండి. బ్యాటరీ ఉన్న గదిలో ఒక కిటికీ తెరిచే ఉండాలి. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, అది మూసిన గదిలో చేరితే చిన్న నిప్పురవ్వ చాలు.

ఎవరూ రారంటే, ముందు బ్యాటరీని నిండా చార్జ్ కానిచ్చి, ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ నెగెటివ్ వైరు ఊడదీసి, ఆ తర్వాత మెయిన్ కట్టేయండి. ఇన్వర్టర్ ముందువైపు స్విచ్ నొక్కినంత మాత్రాన సరిపోదు, వైరు ఊడాలి. మధ్యలో ఒక్కసారి, పండక్కో పబ్బానికో ఊరొచ్చినప్పుడు, ఒక రాత్రంతా చార్జింగ్ పెట్టి మళ్లీ ఊడదీయండి. పట్టు, జరీ ఉన్న గదిలో మాత్రం బ్యాటరీ ఉంచకండి. ఆమ్లపు ఆవిరి పోగును పాడు చేస్తుంది.

*

డిస్టిల్డ్ వాటర్ దొరకనప్పుడు ఆర్.ఓ. నీళ్లు, లేదా ఏసీ నుంచి కారే నీళ్లు పోయవచ్చా?
– ఒక పాఠకుడు, హిందూపురం

వద్దు. ఆర్.ఓ. నీటిలో లవణాలు తగ్గుతాయే గానీ పూర్తిగా పోవు. ఏసీ నీళ్లు రాగి గొట్టాల మీదుగా, అల్యూమినియం రేకుల మీదుగా, అక్కడి దుమ్మును కడుక్కుంటూ వస్తాయి. మన బోరు నీళ్ల ఉప్పదనం గురించి వేరే చెప్పక్కర్లేదు. లోపలికి పోయిన ఖనిజం బయటకు రాదు, బ్యాటరీ బతికున్నన్నాళ్లూ దాన్ని లోపల్నుంచి దింపుతూనే ఉంటుంది. ఒక క్యాన్ డిస్టిల్డ్ వాటర్ కొని ఇంట్లో పెట్టుకోండి. పోయడం చార్జింగ్ అయ్యాకే. ముందే నింపితే చార్జింగ్‌లో ద్రవం పొంగి పైకి కారుతుంది. పలకలు బయటకు కనిపించేంతగా నీళ్లు దిగి ఉంటే మాత్రం ముందు అవి మునిగేటంత పోసి, మిగతాది తర్వాత.

*

మా విద్యాసంస్థ బస్సులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా నిలిచే ఉంటాయి. ప్రతి ఏడూ స్కూళ్లు తెరిచే ఉదయం సగం బస్సులు తోయాల్సి వస్తోంది. పిల్లలు రోడ్డు మీద ఎదురుచూస్తుంటారు. ఖర్చు తక్కువలో ఏం చేయగలం?
– ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి, పెనుకొండ

ఈ ఉత్తరం నన్ను ఎక్కువగా కదిలించింది. తోస్తే స్టార్ట్ అయిన బస్సులో బ్యాటరీ అప్పటికీ బలహీనంగానే ఉంటుంది. అదే బస్సు మధ్య దారిలో ఆగిపోతే లోపల పిల్లలుంటారు.

మీ బస్సులకు 24 వోల్టులు కావాలి, అందుకు రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి ఉంటాయి. రెండూ ఒకేలా ముసలివి కావు. కలిపే చార్జ్ చేస్తే బలమైనది ముందు నిండి పొంగుతుంది, బలహీనమైనది ఆకలితోనే మిగులుతుంది. ఏడాది తిరిగేసరికి ఆ తేడా ఇంకా పెరుగుతుంది. సెలవుల్లో మీకు దొరికే వ్యవధి ఈ తేడా సరిచేయడానికే. రెంటినీ విడదీసి, విడివిడిగా చార్జ్ చేయించండి. నిండాక తనంతట తగ్గించుకునే ఆటోమేటిక్ చార్జర్ ఒక్కటి కొనండి, 10 ఆంపియర్లది చాలు. పాత రకం చార్జర్ మరిచిపోయి వదిలేస్తే నీళ్లన్నీ మరిగించేస్తుంది. ఒక్కో బ్యాటరీకి ఒక రాత్రి అనుకుని వరస పెట్టుకుంటే, బస్సులు మరీ ఎక్కువ కాకపోతే సెలవుల్లో అన్నిటికీ రెండు విడతలు పూర్తవుతాయి. మన ఎండకు చార్జర్ వోల్టేజీ కూడా కొంచెం తగ్గాలి. 25 డిగ్రీలకు నిర్ణయించిన వోల్టేజీని 40 డిగ్రీల దగ్గర పావు వోల్టు మేర దించాలి. ఉష్ణోగ్రత గమనించి తానే సర్దుకునే చార్జర్లున్నాయి, కొనేటప్పుడు ఆ సంగతి అడగండి.

సెలవుల్లో బస్సుల బ్యాటరీని తాగేది ముఖ్యంగా జీపీఎస్ పరికరం. ఒక్కో బస్సుకు బ్యాటరీ కటాఫ్ స్విచ్ బిగించండి, పెద్ద ఖర్చు కాదు. బస్సు నిలిపిన రోజు డ్రైవరు దాన్ని తిప్పేసి, తాళాలతోపాటు ఒక చీటీలో తేదీ, వోల్టేజీ రాసి ఇవ్వాలి. తెరిచే ముందురోజు చూద్దామనుకుంటే ఆలస్యమే. బలహీనమైన బ్యాటరీ నిండటానికే ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. అందుకని మే చివరి వారంలోనే అన్నిటికీ లోడ్ టెస్ట్ చేయించండి.

మీ డ్రైవర్లందరికీ ఒక సంగతి గట్టిగా చెప్పండి. బస్సు నుంచి వైర్లు వేసి కారును స్టార్ట్ చేసే ప్రయత్నం చేయకూడదు. 24 వోల్టులు 12 వోల్టుల కారులోకి పోతే కంప్యూటర్ కాలిపోతుంది. కారుకు కారే, లేదా ట్రాక్టరు. ముందు దిగిపోయిన బ్యాటరీ పాజిటివ్‌కు ఎర్ర వైరు, రెండో కొస మంచి బ్యాటరీ పాజిటివ్‌కు. నల్ల వైరు మంచి బ్యాటరీ నెగెటివ్‌కు, చివరి కొస దిగిపోయిన బండి ఇంజను ఇనుముకు, బ్యాటరీకి దూరంగా. ఆఖరున తగిలించే చోటే నిప్పురవ్వ వస్తుంది, అందుకే దాన్ని బ్యాటరీ దగ్గరికి రానివ్వం.

*

మాది ధర్మవరం, ఉండేది మినియాపొలిస్‌లో. కిందటి వేసవిలో ఒక ఆర్.వి. కొన్నాం. మంచు మొదలయ్యాక ఏప్రిల్ దాకా బయట నిలిపే స్థలంలో పెడతాం, అక్కడ కరెంటు ఉండదు. ఇంటి భాగానికి రెండు బ్యాటరీలు, ఇంజనుకు ఒకటి. లిథియంకు మారమని కొందరంటున్నారు. ఏం చేస్తే మంచిది?
– ఒక పాఠకుడు, అమెరికా

ఇల్లూ బండీ ఒకటే అయిన వాహనమంటే మన తెలుగువాళ్లకు మొదట గుర్తొచ్చేది 1982లో ఎన్టీఆర్ రాష్ట్రమంతా తిరిగిన చైతన్యరథం, పాత షెవ్రొలే వ్యాను మీద కట్టింది.  ఆ బండికి లేని బాధ మీ బండికి ఉంది. అక్కడ చలికి బ్యాటరీ గడ్డకడుతుంది.

గడ్డకట్టడం బ్యాటరీ నిండుదనం మీద ఆధారపడుతుంది. నిండు సీసం–ఆమ్లం బ్యాటరీ సున్నాకు 50 డిగ్రీలు కింద కూడా ద్రవంగానే ఉంటుంది. సగం దిగినది సున్నాకు 25 దిగువన గడ్డకట్టవచ్చు. పూర్తిగా దిగినదైతే పది డిగ్రీలు దిగువకే. మీ ఊరి జనవరి రాత్రులకు సగం దిగిన బ్యాటరీ చాలదు. లోపల మంచు ఉబ్బి పలకలు వంగుతాయి, పెట్టె పగులుతుంది. గడ్డకట్టిన బ్యాటరీకి చార్జర్ తగిలించడం ప్రాణాపాయం. దాన్ని లోపలికి తెచ్చి పూర్తిగా కరగనిచ్చి, పెట్టెలో పగుళ్లు లేవని చూసుకున్నాకే మిగతా మాట.

మీ ఆర్.వి.లో 'స్టోరేజ్' స్విచ్ ఉంటే దాన్ని మాత్రమే నమ్మకండి. గ్యాసు లీకు పసిగట్టే పరికరం చాలా బండ్లలో ఆ స్విచ్‌కు అవతలే ఉంటుంది, అదొక్కటే కొద్ది వారాల్లో బ్యాటరీని దించేయగలదు. పైకప్పు సోలార్ పలక ఉన్నా మంచు కప్పేస్తే అది లేనట్టే. అందుకని మూడు బ్యాటరీలూ విప్పి ఇంటికి తెచ్చుకోవడం అన్నిటికన్నా నిశ్చింత. విప్పే ముందు వైర్లను అన్ని వైపుల నుంచి ఫోటో తీసి, ఒక్కోదానికి చీటీ కట్టండి. 6 వోల్టులవి రెండు కలిపి ఉంటే ఇది మరీ ముఖ్యం, ఏప్రిల్‌లో ఏది ఎక్కడిదో గుర్తుండదు. చల్లని గ్యారేజీ అయినా ఫర్వాలేదు, నిండుగా ఉన్నంతవరకు. ఆటోమేటిక్ మెయింటెయినర్ తగిలించి వదిలేయవచ్చు, లేదా నెల విడిచి నెల చార్జ్ చేయవచ్చు. నాకైతే రెండోదే ఇష్టం. అప్పుడు మీరు చేత్తో ముట్టుకుని, కంటితో చూస్తారు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మంచి బ్యాటరీయే, దాని నియమాలు మాత్రం వేరు. నెలకు రెండు మూడు శాతమే దిగుతుంది. దాన్ని నిండుగా నిలవ పెట్టకూడదు, సగం లేదా కాస్త పైన ఉంచి విడదీయాలి. సున్నా డిగ్రీల కింద ఎట్టి పరిస్థితుల్లోనూ చార్జ్ చేయకూడదు. చలిలో చార్జ్ చేస్తే లోపల లోహపు లిథియం పేరుకుని మళ్లీ బాగుపడని నష్టం జరుగుతుంది. చలిలో చార్జింగ్‌ను ఆపేసే రక్షణ, లేదా లోపలే వేడిచేసుకునే ఏర్పాటు ఉన్నదే కొనండి. బండిలో బ్యాటరీలను చార్జ్ చేసే పాత కన్వర్టర్ లిథియంకు సరిపోతుందో లేదో కూడా చూడాలి. వేసవిలో పది రోజులు తిరిగే కుటుంబానికి ఆ ఖర్చు అక్కర్లేదని నా అభిప్రాయం. ఉన్న బ్యాటరీలను శ్రద్ధగా చూసుకోండి.

*

ఎర్రమంచి దగ్గర పరిశ్రమలో పని చేస్తున్నాను. అద్దె గదిలో ఉంటాను. పెళ్లికని నెలన్నర శ్రీకాకుళం వెళ్తున్నాను. నా కరెంటు స్కూటర్‌ను చార్జింగ్‌లో పెట్టి వెళ్లవచ్చా?
– ఒక యువకుడు

పెట్టి వెళ్లవద్దు తమ్ముడూ. సగానికి కాస్త పైన, 50–60 శాతం ఉంచి, ప్లగ్గు తీసేసి, నీడలో నిలపండి. బ్యాటరీ విడిగా ఊడి వచ్చేదైతే వంటగ్యాసుకూ, బయటకు వెళ్లే తలుపుకూ దూరంగా గదిలో పెట్టండి. నిండు చార్జ్‌తో ఎండలో పెట్టడం లిథియంకు ఎంత చేటో, సున్నాకు దించి వదిలేయడమూ అంతే. నెలకోసారి చూడటానికి స్నేహితుణ్ణి ఒకరిని పురమాయించండి.

మీ చుట్టుపక్కల 2025 నుంచి కరెంటు కారు కూడా తయారవుతోంది కాబట్టి ఇంకొకటి చెబుతాను. అంత పెద్ద బ్యాటరీ ఉన్న కారులోనూ తాళాలకు, కంప్యూటర్లకు, తెరలకు కరెంటు ఇచ్చే చిన్న 12 వోల్టుల బ్యాటరీ వేరే ఉంటుంది. అది కూర్చుంటే పెద్దది నిండుగా ఉన్నా కారు లేవదు. పెద్ద బ్యాటరీ నుంచి చిన్నదాన్ని తానే నింపుకునే ఏర్పాటు కొన్ని కార్లలో ఉంది. మీదాంట్లో ఉందో లేదో పుస్తకంలో చూసుకోండి. పెళ్లికి ముందస్తు శుభాకాంక్షలు.

*

కూర్చున్న బ్యాటరీలో పొడి వేస్తే కొత్తదానిలా అవుతుందని సంతలో ఒకాయన అమ్ముతున్నాడు. నమ్మవచ్చా? లేకపోతే పాత బ్యాటరీ ఎక్కడ ఇవ్వాలి?
– ఒక పాఠకుడు, సోమందేపల్లి

ఆ పొడి కొన్నాళ్లు వోల్టేజీ బాగున్నట్టు చూపించవచ్చు. గట్టిపడిన సల్ఫేటును అది వెనక్కి తేలేదు, రాలిపోయిన పలకను అతికించలేదు. ఆ డబ్బు కొత్త బ్యాటరీ మీద పెట్టండి. కొనేటప్పుడు తయారైన నెల చూడండి. షాపు అరమీద ఆరు నెలలు పడి ఉన్న బ్యాటరీ కూడా నిలిపిన బండిలాంటిదే. మన రాయలసీమలోనే, తిరుపతి దగ్గర కరకంబాడిలో దేశమంతటికీ బ్యాటరీలు తయారవుతున్నాయి. తాజా సరుకు దొరకదని ఏ షాపువాడైనా చెబితే, వేరే షాపు చూసుకోండి.

పాతదాన్ని ఇంటి ముందుకొచ్చే పాత సామాను బండికి ఇవ్వకండి. దాన్ని పగలగొట్టి, ఆమ్లం కాలవలో పారబోసి, సీసం కరిగించే పొయ్యిలు ఊళ్ల మధ్యే ఉంటాయి. ఆ పొగ పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారుల మీద ఉంది. కొత్తది కొనే షాపులోనే పాతదాన్ని ఇచ్చి, దాని బరువుకు తగ్గ ధర తగ్గించుకుని, ఆ సంగతి బిల్లు మీద రాయించుకోండి.